ఆకుమడిలో దొరికిన నల్ల వెండి ముక్క

ప్రశ్న: నమస్కారం సార్. మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార దిగువన ఒక ఊరు. మా మేడ మీంచి చూస్తే శాలిహుండం కొండ కనిపిస్తుంది. మొన్న తొలకరికి నాన్న ఆకుమడి దున్నిస్తుంటే ట్రాక్టరు వెనక నల్లటి రేకు ముక్క ఒకటి తేలింది. "ఇదేట్రా, పాత గొలుసు బిళ్లలాగుంది" అని ఇంటికి తెచ్చారు. బొటనవేలి గోరంత ఉంది, గుండ్రంగానూ లేదు, పలకగానూ లేదు, రెండు మూలలు కత్తిరించినట్టున్నాయి. ఒకవైపు సూర్యుడి లాంటి గుర్తు, ఇంకేవో గుంటలు, చుక్కలు. రెండోవైపు దాదాపు నున్నగా ఉంది. అక్షరాలు లేవు. బజార్లో కంసాలి గారు కాటా మీద పెడితే 3.12 గ్రాములు వచ్చింది, పాత వెండి రేటుకి తీసుకుంటానన్నారు. మా బావ మాత్రం ఇది అశోకుడి నాణెం, ఐదు లక్షలు వస్తాయి, యూట్యూబ్‌లో చూశానంటున్నాడు. నేను ఒకవైపు సగం చింతపండుతో తోమాను, అక్కడ తెల్లబడింది. మిగతా సగం కూడా తోమమంటారా? ఇది ఏ నాణెం? ఎలా రాసిపెట్టుకోవాలి? ఎవరికైనా చెబితే పట్టుకుపోతారని నాన్నకి టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ చింతపండు గిన్నె అవతల పెట్టేయండి. మిగతా సగం జోలికి వెళ్లొద్దు. ఇత్తడి చెంబుకి పనికొచ్చే మందు పాత వెండికి పనికిరాదు. భూమిలో వందల ఏళ్లు ఉన్న వెండిలో కలిసిన రాగి కొంత బయటికి వచ్చేసి ఉంటుంది, ఆ పులుపు మిగిలిన రాగిని కూడా లాగేస్తే పైపొర గరుకుగా, పాలిపోయినట్టు తయారవుతుంది. మీకు తెల్లగా మెరిసినట్టు కనిపిస్తున్నది అదే. పైగా గుర్తుల అంచులు ఆ నల్లపొరలోనే నిలిచి ఉంటాయి, తోమితే గుర్తు కూడా పోతుంది. చింతపండు, నిమ్మకాయ, బూడిద, టూత్‌పేస్టు, ఉప్పూ సోడా కలిపి అల్యూమినియం రేకులో చుట్టడం, ఇవన్నీ ఒక కోవవే. ఇప్పుడు చేయగలిగింది ఒకటే. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా కొని, గాజు గిన్నెలో పోసి అందులో ముక్కని ఉంచండి, పూటకోసారి నీళ్లు మార్చండి, రెండు రోజులు చాలు. తర్వాత మెత్తటి నూలుగుడ్డ మీద పెట్టి ఆరనివ్వండి, తుడవొద్దు, అద్దండి అంతే. అలాంటి వెండి లోపల పెళుసెక్కి ఉంటుంది కాబట్టి వంచి చూడటం, పంటితో కొరికి చూడటం, గచ్చు మీద పడేసి మోత వినడం వద్దు.

నేనూ మీ వయసులో ఇదే చేశాను లెండి, నిమ్మకాయతో. సాయంత్రానికి నా నాణెం కొత్త పెళ్లికూతురి మెట్టెలా మెరిసింది, మర్నాడు చూస్తే దాని మీద ఏనుగు లేదు.

ఇక ఇది ఏమిటన్న సంగతి. మీరు రాసిన నాలుగు ముక్కలు (అక్షరాలు లేకపోవడం, మూలలు కత్తిరించి ఉండటం, ఒకవైపే గుర్తులు గుంటల్లో ఉండటం, మూడు గ్రాముల పైచిలుకు బరువు) ఒకచోట పెడితే నాకు తోచేది విద్ధాంక నాణెం, అంటే సుత్తి దెబ్బతో గుర్తులు దించిన పాతకాలపు నాణెం. చేత్తో పట్టుకుని చూడలేదు కాబట్టి తొంభై పాళ్లు అంటాను, మిగతా పది పాళ్లు నేను కింద చెప్పిన పని మీరు చేస్తే తేలుతుంది. మన దేశంలో దొరికే అతి పాత నాణేలు ఇవే. క్రీస్తుకు ముందు ఐదారు శతాబ్దాల నుంచి మొదలై, మౌర్యుల కాలంలో దేశమంతా పాకి, ఆ రాజ్యం పోయాక కూడా చేతులు మారుతూ అరిగిపోయేదాకా చెలామణి అయ్యాయి. వెండిని సుత్తితో సాగగొట్టి రేకు చేసేవారు, రేకుని పట్టీలుగా, పట్టీలని ముక్కలుగా కోసేవారు, ఒక్కో ముక్కనీ తూచి బరువు ఎక్కువైతే మూల కత్తిరించేవారు. మీ ముక్కకి రెండు మూలలు లేకపోవడం దెబ్బ తగిలి కాదు, తూకం సరిపెట్టడానికి. ఆ తర్వాత ఒక్కో గుర్తునీ విడిగా ఒక్కో మొట్టుతో (చివర గుర్తు చెక్కిన పనిముట్టు) సుత్తి దెబ్బ వేసి దించేవారు. అందుకే గుర్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, సగం అంచు బయటికి పోతాయి, అచ్చు కుదరలేదని ఎవరూ బాధపడినట్టు కనపడదు. దెబ్బ తిన్నదాన్ని సంస్కృతంలో ఆహతం అంటారు, గుర్తు కొట్టిన దాన్ని రూప్యం అనొచ్చని పాణిని వ్యాకరణంలోనే సూత్రం ఉంది. మన రూపాయి ఆ వరసలోదే.

తూకం సంగతి మన కంసాలి గారి భాషలో చెబితే ఇంకా బాగా అర్థమవుతుంది. ఈ నాణెం లెక్క 32 గురిగింజల ఎత్తు. గట్టు మీద తీగకి కాసే ఎర్ర గింజే, నల్ల మచ్చ ఉన్నది. ఇప్పటి తూకంలో అది సుమారు 3.4 గ్రాములు. మీది 3.12 ఉందంటే అరుగుదల, భూమిలో రాగి పోవడం, మీ చింతపండు, అన్నీ కలిపి పోయింది పోగా మిగిలింది. అతికినట్టు సరిపోతుంది. దీనికి కార్షాపణం అని పేరు.

అయితే ఒక అనుమానం మాత్రం తీర్చుకోవాలి. మన వైపు పొలాల్లో దొరికే సుత్తి దెబ్బ వెండి నాణేలు ఇవొక్కటే కాదు. మొగలాయి రూపాయిలూ, వాళ్ల పేరుతోనే ఈస్టిండియా కంపెనీ వాళ్లు కొట్టించిన ఆర్కాటు రూపాయిలూ కూడా యంత్రం రాకముందు చేత్తో కొట్టినవే. శ్రీకాకుళం పేరుతో సికాకుల్ అని టంకశాల గుర్తున్న మొగలాయి నాణేలు కూడా ఉన్నాయి, మన ఊరి పేరు ఫారసీలో చూస్తే భలే ఉంటుంది. నిండు రూపాయి అయితే పదకొండు గ్రాముల పైన తూగుతుంది, తులం అంటేనే రూపాయి ఎత్తు కదా, కాబట్టి మీ ముక్క నిండు రూపాయి కాదు. కానీ పావలా ఉందే, అది మూడు గ్రాములకి కాస్త లోపు. బరువొక్కటే చూసి మోసపోయే చోటు అదే. తేడా ఎలా తెలుస్తుందంటే, పావలా చిన్నగా, మందంగా, బొత్తాంలా గుండ్రంగా ఉంటుంది, రెండువైపులా ఫారసీ అక్షరాల తునకలు ఉంటాయి (అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది కాబట్టి వాక్యం ఎప్పుడూ పూర్తిగా పడదు). ఎంత అరిగినా వంపు గీతలు, వాటి మధ్య చుక్కలు మిగులుతాయి. మీది పలచగా, వెడల్పుగా, వంకర టింకరగా ఉంది, రెండోవైపు నున్నగా ఉంది. మీరు చుక్కలు అన్నవి మాత్రం నన్ను కాస్త ఆపాయి. అవి సూర్యుడి కిరణాల కొసలా, ఫారసీ అక్షరాలకి పెట్టే నుక్తాలా అన్నది సరిగ్గా తీసిన ఫొటో చూస్తే గాని చెప్పలేను.

ఫొటో అంటే మీరు పంపినట్టు ట్యూబులైటు కింద అరచేతిలో పెట్టి తీసింది కాదు. అరిగిన నాణేనికి పై నుంచి వెలుగు వేస్తే అది చదునైపోతుంది. రాత్రి గదిలో లైటు ఆర్పేసి నల్లగుడ్డ మీద నాణెం పెట్టండి. రెండు ఒకే ఎత్తు స్టీలు డబ్బాల మీద మీ ఫోను అడ్డంగా పెట్టి టైమరు నొక్కండి, చెయ్యి వణుకు ఉండదు. ఇంకొకరి ఫోను టార్చి తీసుకుని బల్ల మీద దాదాపు పడుకోబెట్టినట్టు, పక్క నుంచి వెలుగు పాకేలా పెట్టండి. ఒకటి తీశాక టార్చిని గడియారం ముల్లులా జరిపి ఇంకొకటి, అలా నాలుగు వైపుల నుంచి నాలుగు. మీరే చూస్తారు, ఒక వెలుగులో ఏమీ లేని చోట ఇంకో వెలుగులో గుంట లేస్తుంది. నా దగ్గరున్న ఒకదాని మీద ఏళ్ల తరబడి మూడే గుర్తులు అనుకున్నాను, ఒకసారి కరెంటు పోయినప్పుడు కిటికీలోంచి వచ్చిన పక్క వెలుగులో నాలుగోది కనబడింది, కంచెలో చెట్టు, కొమ్మలతో సహా. నాణెం పక్కన మిల్లీమీటర్ల స్కేలు తప్పకుండా పెట్టండి, రూపాయి బిళ్ల పెట్టొద్దు, ప్రభుత్వం రూపాయి సైజు మార్చినప్పుడల్లా మీ ఫొటో అబద్ధం చెబుతుంది. రెండు ముఖాలూ, అంచూ తీయండి.

ఆ ఫొటోలు ముందు పెట్టుకుని గుర్తులు కాదు, ముందు గుంటలు లెక్కపెట్టండి. మొట్టు దిగిన చోట చుట్టూ గుంట పడి మధ్యలో గుర్తు ఉబ్బుగా ఉంటుంది. ఉబ్బు అరిగిపోయినా గుంట ఆనవాలు మిగులుతుంది. ఐదు లెక్కకు వస్తే మగధ, మౌర్యుల వరసలోది. వాటిలో సూర్యుడు ఒకటి, ఆరు చేతుల చక్రం ఒకటి దాదాపు ప్రతిదాని మీదా ఉంటాయి, అంటే మీకు సూర్యుడు కనిపించాడంటే సంతోషమే గాని దానితో రకం తేలదు. తేల్చేవి మిగతా మూడు. మూడు వంపుల కొండ మీద నెలవంక, కంచెలో చెట్టు, ఏనుగు, ఎద్దు, కొండ మీద నెమలి, ఇలాంటివి ఏవేవి కలిసి వచ్చాయన్నదాన్ని బట్టి గుప్తా, హార్డేకర్ అనే ఇద్దరు 1985లో వరుస సంఖ్యలు ఇచ్చారు, నాణేల వాళ్లు జీహెచ్ అని రాసి పక్కన అంకె వేస్తే అదే. ఐదుకి తక్కువ ఉంటే, ఒకటి నుంచి నాలుగు దాకా, అది మౌర్యులకి ముందున్న ఏదో జనపదానిది, అంటే చిన్న రాజ్యానిది కావచ్చు. అప్పుడు మీ నాణెం ఇంకా ఆసక్తిగా మారుతుంది. మనది కళింగ నేల కదా.

నున్నగా ఉన్న రెండోవైపు కూడా వదలొద్దు. అక్కడ చిన్న చిన్న గుర్తులు, కొన్నిసార్లు నువ్వుగింజంతవి ఉంటాయి. షరాబులు (నాణేలు మార్చే వ్యాపారులు) పరీక్ష చేసి వేసుకున్నవని చాలామంది అంటారు. నాణేలు పరీక్షించడానికి రూపదర్శకుడని ఒక ఉద్యోగినే పెట్టమన్నాడు కౌటిల్యుడు.

కనిపించినదాన్ని కాగితం మీద పెద్దగా, అరచేయంత సైజులో చేత్తో గీయండి. నిజంగా కనిపించిన గీత నిండుగా, ఊహించింది చుక్కల గీతగా. అది నిజాయితీకి సంబంధించిన విషయం తమ్ముడూ, ఎందుకంటే ఒకసారి సూర్యుడు అనుకున్నాక కన్ను ప్రతి గీతనీ కిరణంగానే చూస్తుంది. కాగితం పైన పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీయడం చిన్నప్పుడు అందరం చేసిందే, దీనికి మాత్రం వద్దు, పెళుసు వెండి.

అసలా, నకలా అన్న అనుమానం దుక్కిలో దొరికినదానికి తక్కువే, అయినా ఒక పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. వందో వంతు గ్రాము చూపించే చిన్న కాటా ఉండాలి, కంసాలి గారి దగ్గరున్నది చాలు. గ్లాసులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకీ అంచుకీ తగలకుండా నీళ్లలో మునిగేలా వేలాడదీయండి. కాటా మీద ఒక అంకె వస్తుంది. నాణెం బరువుని ఆ అంకెతో భాగించండి, వచ్చేది ఆ లోహం సాంద్రత. 0.31 వచ్చిందనుకోండి, 3.12 ని దానితో భాగిస్తే పదికి కాస్త పైన. కల్తీ లేని వెండికి 10.49 రావాలి. కానీ ఈ నాణేల్లో రాగి కలిపేవారు, అర్థశాస్త్రం చెప్పిన పాళ్ల ప్రకారం పదహారులో నాలుగు వంతులు రాగి, పదకొండు వంతులు వెండి, మిగిలిన ఒక వంతు వేరే లోహం, అలా లెక్క కట్టినా పదికి దగ్గర్లోనే తేలుతుంది. కాటా మీద 0.36 చూపిస్తే మాత్రం అది జర్మన్ సిల్వరో, ఇంకేదో. ఒకసారి చూసి తీర్పు చెప్పేయకండి, ఇంత చిన్న ముక్కకి వందో వంతు తేడా కూడా లెక్కని అటూ ఇటూ లాగేస్తుంది, ఐదారుసార్లు తూచి సగటు తీయండి. గీటురాయి మీద గీయించడం మాత్రం వద్దు. కంసాలి గారు అలవాటుగా గీయబోతారు, మీరు చెయ్యి అడ్డం పెట్టండి.

ఇక మీ బావగారి ఐదు లక్షలు. విద్ధాంక నాణెం మీద ఏ రాజు పేరూ ఉండదు, అశోకుడిదీ ఉండదు. అశోకుడు కళింగ మీదికి వచ్చింది నిజం, క్రీస్తుకు ముందు 261 ప్రాంతంలో, ఆయన శాసనం మన పక్కనే గంజాం జిల్లా జౌగడలో రాతి మీద ఉంది. మీ ముక్క ఆ కాలంలో ఎవరి మొలలోనో ఉండి ఉండొచ్చు. ఉండొచ్చు అన్నదానికీ అశోకుడి నాణెం అన్నదానికీ మధ్య చాలా దూరం ఉంది. ధర సంగతంటారా, ఇవి అరుదైనవి కావు. ఒక్క అమరావతిలో దొరికిన రాశిలోనే ఏడు వేలకి పైగా ఉన్నాయి, వాటిని లెక్కగట్టి అచ్చు వేయించింది ఇందాక చెప్పిన గుప్తా గారే. వేలకి వేలు దొరికిన రకానికి లక్షలు ఎవరిస్తారు? వీడియోలో ఇస్తామన్నవాళ్లు ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను, కమిషను అని మీ దగ్గరే గుంజుతారు. రిజర్వ్ బ్యాంకు పేరు కూడా వాడేస్తుంటే 2021లో ఆ బ్యాంకే మాకు సంబంధం లేదు, మోసపోకండని ప్రకటన ఇచ్చింది. బావగారికి ఈ పేరా చదివి వినిపించండి, నా మీద కోప్పడినా పరవాలేదు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు. ఇది ఏ నాణెం అన్నది పదేళ్ల తర్వాత తేల్చినా తేలుతుంది, నాణెం ఎక్కడికీ పోదు. ఎక్కడ దొరికిందన్నది మాత్రం నాన్నగారి బుర్రలో ఉంది, ఇంకో దుక్కి అయ్యేసరికి అది కరిగిపోతుంది. మా మామయ్య ఒకాయన పోయాక ఆయన నాణేల రేకు డబ్బా నాకిచ్చారు. నలభై దాకా ఉన్నాయి. కొన్ని నాగావళి ఒడ్డున ఏరినవి, కొన్ని ఎక్కడో సంతలో కొన్నవి అని ఆయన చెప్పగా విన్నాను, ఏవి ఏవో ఒక్క చీటీ లేదు. ఇప్పుడవి వెండి ముక్కలు, అంతే. వాటితో నాగావళి గురించి ఒక్క మాట కూడా చెప్పలేను.

అందుకని ఈ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారిని కూర్చోబెట్టి అడగండి. ఏ మడి, ఏ గట్టుకి ఎన్ని అడుగుల దూరం, మొదటి సాలా రెండో సాలా, దుక్కి ఎంత లోతు పడింది, మట్టి ఏ రంగు, పక్కన కుండ పెంకులు గాని ఇటుక ముక్కలు గాని తేలాయా. అన్నిటికంటే ముఖ్యం, ఆ మడికి ఎప్పుడైనా చెరువు మట్టి తోలించారా? మన వైపు వేసవిలో చెరువు పూడిక తీసినప్పుడల్లా ఆ మట్టి ట్రాక్టర్లతో పొలాలకి తోలుకుంటాం, ఆకుమడికైతే మరీనూ. తోలించి ఉంటే మీ నాణెం మీ పొలానిది కాదు, ఆ చెరువుది. శాలిహుండం కొండ కనిపిస్తోంది కదా, స్తూపాలున్నాయి, తవ్వకాల్లో బ్రాహ్మీ అక్షరాలున్న పెంకులు దొరికాయి, కాబట్టి నాణెం అక్కడిదే అని కథ అల్లేయడం తేలిక, కానీ మధ్యలో ఒక ట్రాక్టరు ఉంటే కథ మొత్తం తిరగబడుతుంది. ఏ చెరువు, ఏ ఏడు, ఎవరి ట్రాక్టరు అన్నది కూడా రాయండి. తర్వాత పగటిపూట అక్కడికి వెళ్లి నిలబడి ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు తీసుకోండి, గట్టు, దగ్గర్లో ఉన్న తాటిచెట్టు కనబడేలా రెండు ఫొటోలు. పెంకులు కనిపిస్తే ఎక్కడివక్కడే ఉంచి ఫొటో తీయండి. గునపం పట్టుకుని ఇంకా ఉన్నాయేమోనని తవ్వొద్దు, నిజంగా కుండ ఏదైనా ఉంటే అది ఉన్నది ఉన్నట్టుగా ఉన్నప్పుడే దానికి విలువ. కొండ దగ్గర రక్షిత కట్టడాల హద్దులో అయితే తవ్వడం నేరం కూడా.

ఊరి పేరు రాసేటప్పుడు మండలం, జిల్లా, సర్వే నంబరు అన్నీ వేయండి. నవ్వుకోవద్దు, జిల్లా పేరుని నమ్మడానికి లేదు. 1936 దాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950లో సొంత జిల్లా అయింది, 1979లో కొంత విజయనగరానికి వెళ్లింది, 2022లో పాలకొండ వైపు పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది. పాత కాగితాల్లో గంజాం జిల్లా అని ఉన్న నాణెం ఒడిశాదా మనదా అని తల పట్టుకున్న సందర్భాలు నాకున్నాయి. అక్షాంశ రేఖాంశాలకి ఆ బాధ లేదు. ఇదంతా మీ నోటుపుస్తకంలో ఉండాలి, వాట్సాప్ గ్రూపులో కాదు. గ్రూపులో పెడితే రెండో రాత్రికి మీ మడిలో గోతులుంటాయి. అందుకే మీ ఊరి పేరు ఇక్కడ కూడా తీసేశాను.

నాన్నగారి టెన్షన్ సంగతి. దీనికి చట్టం ఉంది, 1878 నాటిది, నిధి నిక్షేపాల చట్టం. భూమిలో దాగి ఉన్న విలువైన వస్తువు పది రూపాయలకి మించితే దొరికినవాళ్లు కలెక్టరుకి రాతపూర్వకంగా తెలియజేయాలి. పది రూపాయలన్నది ఆ కాలపు మాట, ఇప్పటికీ అలాగే ఉంది, మీ మూడు గ్రాముల వెండి ఎలా చూసినా దాన్ని దాటుతుంది. కాగితంలో నాలుగు సంగతులు ఉంటే చాలు, వస్తువు ఏమిటి, సుమారు విలువ ఎంత, ఎక్కడ దొరికింది, ఏ తేదీన. వస్తువుని ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తామని హామీ ఇవ్వాలి. ఆ తర్వాత కలెక్టరు ప్రకటన వేస్తారు, హక్కుదారులు ఎవరైనా ఉంటే రావడానికి నాలుగు నుంచి ఆరు నెలల్లోపు ఒక రోజు పెడతారు. ఎవరిదీ కాదని తేలితే, భూమి యజమానికీ దొరికినవారికీ వేరే ఒప్పందం లేనప్పుడు, ముప్పాతిక వాటా దొరికినవారిదే, పాతిక భూమి యజమానిది. మీ విషయంలో ఇద్దరూ నాన్నగారే. ప్రభుత్వం కావాలనుకుంటే లోహం విలువా, దాని మీద ఐదో వంతూ కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. అంటే చెబితే పట్టుకుపోతారన్నది పూర్తిగా నిజమూ కాదు, అబద్ధమూ కాదు, పట్టుకెళ్లే హక్కు ఉంది గాని ఒక పద్ధతిలోనే. చెప్పకుండా దాచితే మాత్రం వాటా పోతుంది, ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. మీకు దొరికింది ఒక్క ముక్కే కదా, ఎందుకొచ్చిన తలనొప్పి అని పక్కింటివాళ్లు అంటారు. నేను మాత్రం కాగితం పెట్టమనే అంటాను. రెండు కాపీలు తీసుకెళ్లండి, ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోండి, అది వేసేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి. ఒకసారి ఒక ఆఫీసులో నేనిచ్చిన కాగితం వారం తిరక్కుండా కనబడకుండా పోయింది, ముద్ర ఉన్న కాపీ ఉండబట్టి బతికాను.

నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి కూడా వస్తుంది. దేశం దాటించకూడదు, లైసెన్సు లేకుండా కొనుగోలు అమ్మకాల వ్యాపారం చేయకూడదు. కంసాలి గారికి ఇచ్చేస్తే ఆయన చేసేది ఒకటే, మూసలో వేసి కరిగించడం. ఆయన తప్పు కాదు, ఆయన చూసేది వెండి. చూపించి అడగడానికి మీకు దగ్గర్లో రాష్ట్ర పురావస్తు శాఖ వాళ్లున్నారు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర, పురావస్తు విభాగం ఉంది. ఫొటోలు, మీరు గీసిన బొమ్మ, తూకం తీసుకుని వెళ్తే పది నిమిషాల్లో మాట కలుస్తుంది, ఉత్త చేతులతో వెళ్లి మాకో నాణెం దొరికిందండీ అంటే టీ ఇచ్చి పంపేస్తారు.

భద్రం చేయడానికి ప్లాస్టిక్ పౌచ్ వద్దు, ఆల్బమ్‌లో మెత్తటి ప్లాస్టిక్ జేబులు అసలే వద్దు, కొన్నాళ్లకి జిగురు కక్కి నాణెం మీద పచ్చగా పడుతుంది. మామూలు తెల్లకాగితం కవరు, గమ్ము లేకుండా మడిచింది చాలు. సెల్లోటేపు అంటించొద్దు. కవరు మీద ఒక నంబరు, అదే నంబరు పుస్తకంలో.

పుస్తకంలో ఎలా రాయాలన్నారు కదా, నేనైతే ఇలా రాస్తాను, ఖాళీలు మీరు నింపుకోండి. "నంబరు 1. వెండి, విద్ధాంక నాణెం కావచ్చు. బరువు 3.12 గ్రాములు, కంసాలి కాటా మీద, చింతపండుతో తోమక ముందా తర్వాతా అన్నది ఇక్కడ రాయాలి. పొడవు, వెడల్పు, మందం ఇన్ని మిల్లీమీటర్లు. ఆకారం గుండ్రమూ కాదు, పలకా కాదు, రెండు మూలలు కత్తిరించి ఉన్నాయి. ముందువైపు కనీసం ఇన్ని గుంటలు, ఒకటి సూర్యుడు, మిగతావి స్పష్టం కాదు, బొమ్మ చూడండి. వెనకవైపు గుర్తు ఉందో లేదో. దొరికింది ఫలానా తేదీన, ఆకుమడి దుక్కిలో, సాలు లోతు ఇంత, నాన్న చేతికి. చెరువు మట్టి తోలించారా, ఎప్పుడు. సర్వే నంబరు, అక్షాంశం, రేఖాంశం. కలెక్టరుకి కాగితం పెట్టిన తేదీ."

కింద ఇంకో వాక్యం కూడా ఉండాలి, మొహమాటపడకుండా రాయండి: "ముందువైపు సగభాగం నేను చింతపండుతో తోమాను." తర్వాత ఎవరైనా ఆ తెల్ల మచ్చ చూసి ఇదేదో వేరే లోహం, అతుకు పెట్టారు అనుకోకుండా ఉంటారు.